మలకీ వీపుకు మీడియం, రెండు పూతలు

ఐర్లండ్‌లోని డ్రమ్‌లాహన్‌లో సూర్యుడు కనిపించే రోజుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఊరి ఆడవాళ్లు మాత్రం పెళ్లిళ్లకీ, చర్చిలో పిల్లల తొలి సత్ప్రసాదాలకీ, హైస్కూలు ముగిశాక జరిగే పెద్ద డాన్సుకీ నెల్లాళ్లు సముద్రపొడ్డున దొర్లి వచ్చినట్టు గోధుమరంగులో నిగనిగలాడుతూ వస్తారు. ఇందులో సూర్యుడి ప్రమేయం ఏమీ లేదు. ఆ పుణ్యమంతా మెయిన్ వీధి మందుల షాపులో కౌంటర్ వెనక నిలబడే డింప్నా కిల్‌కోయిన్‌ది.

డింప్నా పద్దెనిమిదో ఏట "ఈ ఒక్క వేసవికే" అని ఆ షాపులో చేరింది. ఇప్పుడామెకు యాభై ఏడు. ఈలోగా ముగ్గురు యజమానులు మారారు, చేతిరాత చీటీలు పోయి కంప్యూటర్ వచ్చింది, ముందున్న తలుపు రెండుసార్లు రంగు మార్చుకుంది. ఆమె మాత్రం ఒంటికి రాసుకుంటే ఎండకు కాలినట్టు రంగు తెచ్చే టాన్ సీసాల అర పక్కన అలాగే ఉంది. కొత్తగా వచ్చిన ఫార్మసిస్టులు మొదటి వారం ఆమెకు పని చెబుతారు. రెండో వారం నుంచి ఆమెను అడిగి పని చేస్తారు.

తెల్లతోలంతా ఒకటే తెలుపనుకునేవాళ్లు పెళ్లిళ్ల కాలంలో ఒక్క శనివారం ఆ కౌంటర్ దగ్గర నిలబడితే చాలు, బుద్ధొస్తుంది. పాలలాంటి తెలుపు వేరు, మైనంలాంటిది వేరు, గులాబీ తిరిగిన తెలుపు వేరు, వెన్న తీసేసిన పాలలా నీలం తేలే తెలుపు వేరు. మచ్చల తెలుపు సంగతి సరేసరి. గులాబీ ఒంటికి ఆకుపచ్చ మూలమున్న సీసా ఇవ్వాలి, లేకపోతే మనిషి తెల్లారేసరికి క్యారెట్ అయి కూర్చుంటుంది. నీలం ఒంటికి లైట్ రకం సీసాయే ఎక్కువ, అందులోనూ సగం క్రీము కలపాలి. అట్ట మీద వేసిన రంగుల పట్టీని డింప్నా ఎప్పుడూ చూడదు. మనిషిని చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాగి, మోచేతి పైభాగం లోపలివైపుకు తిప్పి, మబ్బు వెలుతురులో ఒక్క చూపు చూస్తుంది. ట్యూబ్‌లైటు అబద్ధాలాడుతుందని ఆమె నమ్మకం. ఆ తర్వాత ఆమె చెప్పిందే తీర్పు.

ఈ ఏడాది పెద్ద డాన్సుకు ముందు క్లీనా అనే పిల్ల వచ్చి దర్జాగా అడిగింది.

"అల్ట్రా డార్క్ ఇవ్వండి డింప్నా."

"ఎవరికి?"

"నాకే."

"నీకు అల్ట్రా డార్కా? డాన్సు నుంచి ఇంటికెళ్తే మీ నాన్న నిన్ను చూసి కొత్తగా పాలిష్ పెట్టించిన బీరువా అనుకుంటాడు. లైట్ తీసుకో."

"మా క్లాసులో అందరూ డార్కే వేసుకుంటున్నారు!"

"వేసుకోనీ. ఫోటోలు ఇరవై ఏళ్లుంటాయి, అప్పుడేడుస్తారు. లైటు, రెండు పూతలు. మోకాళ్లకీ మడమలకీ ముందు క్రీము రాయి. రాసుకున్నాక ఎనిమిది గంటలు నీళ్లు తగలకూడదు, కుక్కని ముట్టుకోకూడదు, తెల్ల దుప్పటి మీద పడుకోకూడదు. సరే, వీపు ఎవరు రాస్తారు?"

"మా అక్క."

"అది తాగి రాయదు కదా? పోయినేడు దాని స్నేహితురాలి వీపు మీద ఐర్లండ్ మ్యాపు గీసింది."

వీపు ఎవరు రాస్తారు అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా డింప్నా దగ్గర సీసా కొనుక్కుపోయినవాళ్లు లేరు. ఎంత తెలివైనవాళ్లకైనా తమ వీపు తమకు అందదు. అక్కచెల్లెళ్లుంటారు, అమ్మలుంటారు, ఒకే గదిలో అద్దెకుండే స్నేహితురాళ్లుంటారు, ఎవరూ లేనప్పుడు మొగుళ్లుంటారు. ఒక్కోసారి ఒక్కోరు జవాబు వెతుక్కుంటూ అరల్లోకి చూస్తారు. అలాంటివాళ్లను డింప్నా రెండోసారి అడగదు. "చేతులకీ మొహానికీ చాలు. ఆ గౌనుకి వీపు మూసి ఉంటేనే అందం" అని చిన్న సీసా ఇచ్చి పంపేస్తుంది. ఊళ్లో ఎవరు ఒంటరివాళ్లో ఫాదర్‌కన్నా, పోస్టాఫీసుకన్నా ముందు ఆమెకే తెలుసు.

ఇంతమందికి రంగు ఎంచిన డింప్నా తన ఒంటికి ఏళ్ల తరబడి చుక్క రాసుకోలేదు. ఆమెది నీలం తేలే తెలుపు, భుజాల నిండా మచ్చలు. ఎవరైనా అడిగితే "నాకు పడదు, దద్దుర్లొస్తాయి" అంటుంది. దద్దుర్లూ లేవు, ఏమీ లేవు. పదకొండేళ్ల క్రితం వాళ్లమ్మ పోయాక ఆ ఇంట్లో ఆమె వీపు రాసేవాళ్లు లేరు, అంతే సంగతి. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా ఏడాదికొకసారి కంటే ఎక్కువ చెప్పుకోదు.

ఉండాల్సినవాడు ఒకడుండేవాడు. ఇరవయ్యో ఏట కార్నివాల్ గుడారంలో డాన్సు జరిగింది. మలకీ గిల్‌మార్టిన్ చొక్కా చేతులు మడుచుకుని వచ్చి ఆమెతో వరసగా మూడు పాటలకు ఆడాడు. ఆవుల్ని చూసుకునే పిల్లాడు, మోచేతుల దాకా ఎండకు కాలి ఇటుకరంగు, అక్కడి నుంచి పైకి తెల్లటి తెలుపు. బయటికొచ్చాక వర్షంలో నిలబడి "వచ్చే ఆదివారం కూడా డాన్సుందట, వస్తావా?" అన్నాడు. డింప్నా "అమ్మకి ఒంట్లో బావుండట్లేదు, వీలు కాదేమో" అంది. వెళ్లాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఆ ఊళ్లో ఏదైనా ఇస్తే మొదటిసారి వద్దనాలి. టీ అయినా, బిస్కెట్ అయినా, మనిషైనా అంతే. రెండోసారి కూడా వద్దనాలి. మూడోసారి అడిగినప్పుడు "ఇంత బలవంతం చేస్తుంటే తప్పేదేముంది" అన్నట్టు తీసుకోవాలి. అది మర్యాద. చిక్కేమిటంటే, మలకీని వాళ్లమ్మ ఊరందరికన్నా ఇంకాస్త మర్యాదగా పెంచింది. ఆడపిల్ల ఒకసారి వద్దంటే మళ్లీ అడక్కూడదని నేర్పింది. అతను టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ముప్పై ఏడేళ్లు వాళ్లిద్దరి మధ్య సంభాషణ ఇంతే.

"తడి రోజు డింప్నా."

"తడే మలకీ."

అతనూ పెళ్లి చేసుకోలేదు. ఆవులు, అమ్మ, కుక్క. నిరుడు అమ్మ కూడా పోయింది.

ఈస్టరుకు ఊరి ఫుట్‌బాల్ క్లబ్బువాళ్లు లాటరీ తీశారు. మొదటి బహుమతి ఏడాదంతా ఎండ కాసే లాంజరోటె అనే స్పెయిన్ దీవిలో వారం రోజులు, ఇద్దరికి. జీవితంలో డబ్లిన్ దాటని మలకీకి తగిలింది. రెండో టికెట్ ఎవరికిస్తాడన్నది ఊరికి పెద్ద పని అయిపోయింది. పోస్టాఫీసులో కూర్చునే ఫిలమీనా డర్కన్ ఆ పనికి నాయకత్వం వహించింది. ఆమెకు స్టాంపులమ్మడం పక్క వ్యాపారం, అసలు వ్యాపారం వార్తలు.

"కార్మెల్‌కే" అంది ఫిలమీనా, దగ్గు మందు కొనడానికొచ్చి. "పశువుల సంతలో టీ అమ్ముతుందే, ఆ విధవరాలు. మలకీ అక్కడ రోజుకు నాలుగు టీలు తాగుతున్నాడు. ఏ మగాడైనా టీ కోసం నాలుగు టీలు తాగుతాడా?"

"దాహమేస్తుందేమో" అంది డింప్నా.

"నీకేం తెలుసమ్మా ఇలాంటివి."

డింప్నా నవ్వి చిల్లర ఇచ్చింది.

జూన్‌లో ఒక మంగళవారం మలకీ షాపుకొచ్చి గొంతు బిళ్లలు కొనుక్కుపోయాడు. బుధవారం వచ్చి మళ్లీ గొంతు బిళ్లలే కొన్నాడు. గురువారం వచ్చి, షాపు ఖాళీ అయ్యేదాకా పళ్ల బ్రష్షుల్ని శ్రద్ధగా చదివి, కౌంటర్ దగ్గరికొచ్చాడు.

"గొంతు ఇంకా తగ్గలేదా మలకీ?"

"గొంతుకేం కాలేదు." అతను తలుపు వైపు చూశాడు. "ఆ సీసాలు... మా మేనకోడలు తెమ్మంది."

"నీకు మేనకోడలు లేదు."

"లేదు" అని ఒప్పుకున్నాడు మలకీ. "ఇదిగో డింప్నా, నువ్వు నవ్వకూడదు. వచ్చే శనివారం ప్రయాణం. అక్కడ అందరూ చొక్కాలు విప్పి తిరుగుతారట. నేను విప్పితే ఇద్దరు మనుషుల్ని కోసి ఒక మనిషిగా కుట్టినట్టుంటాను."

ఆమె నవ్వలేదు. అతన్ని వాకిట్లోకి తీసుకెళ్లింది. చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచింది. ఆ గీత అలాగే ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు. కింద ఇటుక, పైన పాలు. చెయ్యి మీద వెంట్రుకలు మాత్రం నెరిశాయి. కార్మెల్ కోసం ఇంత సిగ్గు చంపుకుని వచ్చాడు అనుకుంది డింప్నా, కౌంటర్ దగ్గరికి తిరిగొస్తూ. అల్ట్రా డార్క్ సీసా చేతికందేంత దూరంలోనే ఉంది. అది చేతిలో పెట్టి "ఇదే నీకు సరిపోతుంది" అంటే చాలు, పాపం ఆ మనిషి నమ్మి రాసుకుంటాడు. లాంజరోటె ఇసుక మీద కార్మెల్ పక్కన పాలిష్ పెట్టిన బీరువా ఒకటి నడుస్తుంది. ఆమె ఆ సీసా తీసింది కూడా. మళ్లీ పెట్టేసింది. ముప్పై తొమ్మిదేళ్ల పేరు ఒక విధవరాలి కోసం పాడుచేసుకోవడమా అని తనను తాను కోప్పడింది.

"మీడియం, రెండు పూతలు. చేతుల రంగుకి అతికినట్టు కలుస్తుంది. ప్రయాణానికి వారం ముందు ఒకసారి వేసి చూడాలి. అంటే రేపే" అంది. తర్వాత అలవాటుకొద్దీ అడిగేసింది. "వీపు ఎవరు రాస్తారు?"

మలకీ చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. "కుక్క తప్ప ఎవరూ లేరు."

"కార్మెల్?"

"ఆవిడెందుకు రాస్తుంది నా వీపు?" అన్నాడు మలకీ, నిజంగానే బిత్తరపోయి. ఇంకా గుట్టుగా ఉంచుతున్నాడు కాబోలనుకుంది డింప్నా.

ఇలాంటప్పుడు చిన్న సీసా ఇచ్చి పంపాలి. "చొక్కా వేసుకునే తిరుగు, మర్యాదగా ఉంటుంది" అనాలి. ఆమె నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"రేపు ఆరింటికి నేనొస్తాలే. పది నిమిషాల పని."

శుక్రవారం సాయంత్రం మలకీ తన వంటింట్లో పాత పేపర్లు పరిచి, వాటి మీద చొక్కా లేకుండా, కుర్చీ వెన్ను పట్టుకుని, పశువైద్యుడి ముందు నిలబెట్టిన ఎద్దులా నిలబడ్డాడు. అతని వీపు తొక్క తీసిన బంగాళాదుంపలా ఉంది. కుక్క బల్ల కింద నుంచి చూస్తోంది. డింప్నా సంచిలో రాసే తొడుగు తెచ్చుకుంది. మెత్తటి నల్ల తొడుగు, చేతికి తొడుక్కుని రాస్తే అరచేతికి రంగంటదు. తొడుగు లేకుండా రాయొద్దని ఆమె ఎన్ని వందలమందికి చెప్పిందో లెక్క లేదు. ఆ తొడుగు సంచిలోనే ఉండిపోయింది. మరిచిపోయిందట. తర్వాత అడిగినవాళ్లకు అలాగే చెప్పింది.

ఆమె ఉత్త అరచేతుల్తో రాసింది. భుజాల దగ్గర మొదలుపెట్టి, గుండ్రంగా తిప్పుతూ, వెన్నెముక వెంట కిందికి. గీత పడకుండా, మచ్చ కట్టకుండా. అతని ఒళ్లు మొదట బిగుసుకుని, తర్వాత నెమ్మదిగా వదులైంది. మనిషి వీపు ఇంత వెచ్చగా ఉంటుందా అనుకుంది డింప్నా. ఆమెకు ఏడుపొచ్చింది. ఎందుకో బాగా తెలుసు. ఈ చేతులు కార్మెల్ పని చేసిపెడుతున్నాయి, అయినా ఈ పది నిమిషాలూ ఎవరికీ ఇవ్వాలని లేదు. మీడియానికి రెండు పూతలని తనే చెప్పింది కాబట్టి మొదటి పూత ఆరేదాకా ఆగాలి. మలకీ కూర్చోకూడదు, ఆనుకోకూడదు. ఇద్దరూ నిలబడే టీ తాగారు. వంటిల్లంతా టాన్‌కుండే బిస్కెట్ వాసన.

"బిస్కెట్ తింటావా?" అన్నాడు మలకీ.

"వద్దులే."

అతను డబ్బా మూత పెట్టేశాడు. రెండో పూత మొదలైంది.

"అక్కడ ఎండ దంచుతుందట" అన్నాడు అతను గోడతో.

"అవునట."

"నీలాంటి ఒంటికి... కష్టమేమో."

"నాకా? కమిలిపోతాను. నాకెందుకు ఎండ?"

"అంతేలే."

"అంతే."

కుక్క బల్ల కింద నుంచి లేచి బయటికి పోయింది. పని అయిపోయాక డింప్నా "ఎనిమిది గంటలు స్నానం చెయ్యకు" అని చెప్పి, కారెక్కి ఇంటికొచ్చింది. చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయిందట.

శనివారం పొద్దున అరచేతులు రెండూ ఇటుకరంగులో ఉన్నాయి. చేతుల వెనకభాగం నీలం తేలే తెలుపు, లోపల మీడియం, రెండు పూతలు. డ్రమ్‌లాహన్‌లో అలాంటి అరచేయి అంటే ఏమిటో ఆరేళ్ల పిల్లను అడిగినా చెబుతుంది. తొడుగు లేకుండా ఎవరికో రాశారని అర్థం. డింప్నా ఆ రోజంతా షాపులో జేబుల్లో చేతులు పెట్టుకుని తిరిగింది. ఇంటికొచ్చి నిమ్మకాయ రుద్దింది, పంచదార రుద్దింది, వంటసోడా, పళ్ల పేస్టు రుద్దింది. ముందు ఒకే రంగున్న అరచేతులు ఇప్పుడు మచ్చలు మచ్చలుగా తయారయ్యాయి.

సింకు దగ్గర రుద్దుకుంటూ రుద్దుకుంటూ ఉండగా ఆమె చెయ్యి ఆగిపోయింది. నీలాంటి ఒంటికి కష్టమేమో. ఎండ గురించి మాట్లాడేవాడు ఆమె ఒంటి మాటెందుకు తెచ్చాడు? వెళ్లేది కార్మెల్ అయితే కార్మెల్ ఒంటి గురించి బెంగపడాలి కదా? లేకపోతే ఏదో ఒకటి అనాలని అన్నాడా? క్లబ్బువాళ్లకు రెండో పేరు సోమవారం పొద్దున ఇవ్వాలి. ఆమె ఫోను తీసింది, పెట్టేసింది. ఏమని అడుగుతుంది? నువ్వు నన్ను అడిగావా అని ఎవరైనా అడుగుతారా? అడిగాక అతను కాదంటే, రోజూ మెయిన్ వీధిలో ఎలా నడవాలి?

ఆదివారం చర్చిలో పూజకు వెళ్లకుండా ఉందామంటే కుదరదు. సత్ప్రసాదపు అప్పం పంచడంలో ఫాదర్ గ్రోగన్‌కు సాయపడే వంతు ఆ వారం ఆమెదే. పంచేవాళ్లు చేతులు జేబులో పెట్టుకోవడం ఏ పూజలోనూ లేదు.

గుడిలో రెండు వరసలు కట్టారు, ఒకటి ఫాదర్ ముందు, ఒకటి డింప్నా ముందు. ఆమె వరసలో మొట్టమొదట నిలబడింది ఫిలమీనా. ఆవిడకు ఎప్పుడూ అదృష్టమే.

"క్రీస్తు శరీరం" అంది డింప్నా.

ఫిలమీనా అప్పం కేసి చూడలేదు, అది పట్టుకున్న చేతిని చూసింది. "ఆమెన్" అంది. పెదవులు కదపకుండా "ఎవరి వీపు?" అంది.

"ముందుకు నడు ఫిలమీనా."

ఫిలమీనా నడిచింది కానీ ఎంతో దూరం నడవలేదు, పక్క స్తంభం దగ్గర భక్తిగా మోకరించి చెవులు అప్పగించింది. వరసలో ఒకరి చెవి నుంచి ఇంకొకరి చెవికి గుసగుస పాకింది. ప్రతివాళ్లూ "ఆమెన్" అంటూ అరచేతులు చూసి వెళ్తున్నారు. డింప్నా చెవులు కాలిపోతున్నాయి. ఎనిమిదోవాడు మలకీ.

మెడ మీద గుండీ ఎప్పుడూ విప్పని మలకీ ఆ రోజు విప్పుకొచ్చాడు. మెడ, గొంతు, చొక్కా లోపలికి కనిపించినంత మేరా ఒకే రంగు. గీత లేదు, మచ్చ లేదు. ముందు ఆమెకు తన పని చూసి గర్వం కలిగింది. తర్వాత భయమేసింది. గుడిలో కళ్లన్నీ ఆమె చేతుల నుంచి అతని మెడకూ, అతని మెడ నుంచి ఆమె చేతులకూ నడుస్తున్నాయి. ఇక దాచడానికి మిగిలిందేమీ లేదు, అడగడానికే ఒకటి మిగిలింది.

"క్రీస్తు శరీరం."

"ఆమెన్" అని మలకీ చేతులు చాపాడు. ఆమె అప్పం వదల్లేదు.

"మలకీ, మొన్న ఎండ గురించి అన్నావే. అది నన్ను రమ్మనడమా?"

మలకీ తన చేతుల్లోకి చూసుకున్నాడు. "మరేమిటనుకున్నావు?"

"అడిగినట్టు లేదు."

"నేను అడిగాను. నువ్వు కమిలిపోతానన్నావు."

"మర్యాదకన్నానయ్యా!"

"నేనూ మర్యాదకే ఊరుకున్నాను."

"మరి కార్మెల్?"

"కార్మెల్ ఏమిటి? టీ బావుంటుంది."

పాట పాడేవాళ్లు సరిగ్గా అప్పుడే ఆపారు. గుడంతా నిశ్శబ్దం. డింప్నా వెనక్కి తగ్గలేదు.

"ఇంకోసారి అడుగు."

"ఇప్పుడా? ఇక్కడా? వెనక లైనుంది."

"ముప్పై ఏడేళ్లు నేనాగాను. లైను కాసేపు ఆగుతుంది."

మలకీ మొహం రెండు పూతల కింద నుంచి కూడా ఎర్రబడింది. "లాంజరోటె వస్తావా డింప్నా?"

"వస్తాను" అంది ఆమె, మొదటిసారికే. అప్పం అతని చేతిలో పెట్టింది.

మలకీ కదల్లేదు. అతని మొహంలో సంతోషం మొదలై, సగంలో ఆగిపోయింది.

"కానీ నిన్న... నువ్వు రానన్నావని... ఆ రెండో టికెట్ ఫాదర్‌కి ఇచ్చేశాను. మోకాళ్ల నొప్పులంటుంటే, ఎండకి మంచిదని. నేను ఒక్కసారే అన్నాను. ఆయన వెంటనే సరేనన్నాడు."

ఊరు ఊరంతా పక్క వరస వైపు తిరిగింది. ఫాదర్ గ్రోగన్ అరవై ఎనిమిదేళ్ల మనిషి, బట్టతల, మచ్చల ఒళ్లు. మూడు ఊళ్ల చర్చిలు ఒక్కడే చూస్తాడు, సెలవు తీసుకుని ఆరేళ్లయింది. ఆయన చేతిలో అప్పం గాల్లోనే ఆగి ఉంది. పూజ అంగీ కింద నుంచి కొత్త చెప్పులు కనిపిస్తున్నాయి, ఇసుకలో నడిచే తోలు చెప్పులు. కరవకుండా ఉండాలని అప్పుడే వేసుకు తిరుగుతున్నాడు.

"ఫాదర్" అంది డింప్నా.

ఆయన ఒక్క క్షణం ఆమెను చూశాడు, మలకీని చూశాడు, ఆమె అరచేతులు చూశాడు. ఆ తర్వాత మొహం నిండా నవ్వు పులుముకున్నాడు.

"అయ్యో, నాకెందుకమ్మా ఎండ?" అన్నాడు. "నేను కమిలిపోతాను. నువ్వెళ్లు."

గుడిలో అందరూ తేలిగ్గా నవ్వేశారు. ఎవరో వెనక చప్పట్లు కూడా కొట్టబోయారు. ఆయన మాట ఊరంతా నమ్మేసింది. డింప్నా నమ్మలేదు. ఆ మాట ఎక్కడి నుంచి వస్తుందో, అన్నాక లోపల ఎలా ఉంటుందో ఆమెకు తెలిసినట్టు ఆ గుడిలో ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు ఆమె "లేదు ఫాదర్, మీరే వెళ్లండి" అనాలి. ఆయన వద్దంటే ఇంకోసారి కూడా అనాలి. అది మర్యాద. ఆయన కళ్లు ఆమె నోటివైపే చూస్తూ, ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాయి.

"థాంక్స్ ఫాదర్" అంది డింప్నా. తర్వాతి మనిషికి అప్పం తీసింది.